ఫ్రేము మెడ దగ్గరే ఎందుకు తెగుతుంది? నగ్న ఛాయాచిత్రంలో కోరిక ఎవరిది?

గాజునెగటివ్ (చర్చ ప్రారంభం, శనివారం ఉదయం 6:50)

సభ్యులందరికీ నమస్కారం. పాత నెగటివ్‌లన్నీ పాడైపోకముందే స్కాన్ చేసి దాచుకోవాలని ఈ వేసవిలో పని మొదలుపెట్టాను. మా పెళ్లయిన రెండో ఏడాది నా భార్యను తీసిన మూడు రోల్స్ వాటిలో బయటపడ్డాయి. అవి నగ్నచిత్రాలు. ముప్పై ఏళ్లుగా మేమిద్దరం తప్ప వాటిని ఎవరూ చూడలేదు, ఇక్కడ పెట్టే ఉద్దేశమూ లేదు. తెర మీద ఒక్కొక్కటే చూస్తూ ఆమె ఒకే ప్రశ్న అడిగింది: "వందకు పైగా ఉన్నాయి కదా, దేన్లోనూ నా తల లేదేమిటి?"

ఆకారం మీద దృష్టి నిలవాలని అలా తీశానని చెప్పాను. ఆమె ఇంకేమీ అనలేదు గానీ ఆ జవాబు నాకే నిలబడేదిగా అనిపించలేదు. ఆ రోజుల్లో నేను గురువుగా భావించినవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌ను ఆయన 1917 నుంచి 1937 వరకు మూడు వందలకు పైగా చిత్రాల్లో తీశాడు. ముఖం, చేతులు, మెడ, వక్షం, పాదాలు వేర్వేరుగా తీసి, అవన్నీ కలిస్తేనే ఒక మనిషి చిత్తరువు పూర్తవుతుందని ఆయన నమ్మాడు. ఏ ఒక్క చిత్రమూ మనిషిని పూర్తిగా చెప్పలేదనీ, ఏళ్ల తరబడి తీస్తూ పోవాలనీ ఆయన వాదం. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ముక్కలు చేయడం మాత్రమేనేమో, కూర్చడం నేర్చుకోలేదేమో అని ఇప్పుడు అనుమానం కలుగుతోంది.

నగ్న ఛాయాచిత్ర కళలో ఫ్రేము ఇంత తరచుగా మెడ దగ్గరే ఎందుకు తెగుతుంది? ఆ కోత వెనక ఉన్న కోరిక ఎవరిది? తీసేవాడిదా, చూసేవాడిదా, ఎదుట నిలబడిన మనిషికి అందులో వాటా ఉందా? చదివినవారూ చేసినవారూ తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

వేదిక నిర్వాహకులు (ఉదయం 8:15)

చర్చ కొనసాగవచ్చు. ఎవరి వ్యక్తిగత చిత్రాలనూ ఇక్కడ జోడించవద్దు. ప్రసిద్ధ చిత్రాలను పేరు, సంవత్సరం చెప్పి ప్రస్తావిస్తే చాలు.

చీకటిగది (ఉదయం 9:30)

గాజునెగటివ్ గారూ, ముందు పనివాడి మాట ఒకటి చెబుతాను. స్టీగ్లిట్జ్ వాడిన కెమెరాల్లో పెద్దది ఎనిమిది బై పది అంగుళాలది. ఆనాటి ప్లేట్లు వెలుగును చాలా నెమ్మదిగా తీసుకునేవి. కదలకుండా ఉండటం ఎంత కష్టమో ఓకీఫే వృద్ధాప్యంలో రాసింది: రెప్ప పడకూడని చోట పడుతుంది, పెదవి అదురుతుంది, చెవి దురద పెడుతుంది, చేతులు లాగేస్తాయి. నిమిషాల తరబడి సాగే ఎక్స్‌పోజర్‌లో ముఖాన్ని నిలపడం కంటే నడుమునో వీపునో నిలపడం తేలిక. నలభై ఏళ్లు స్టూడియో నడిపినవాడిగా ఇది నాకు తెలుసు. మొండెం అబద్ధం ఆడదు, ముఖం నిమిషానికి పది భావాలు మారుస్తుంది.

అయితే ఈ కారణం సగమే నిజం. స్టీగ్లిట్జ్ ఆమె ముఖాన్ని కూడా అదే కష్టంతో ఎన్నోసార్లు తీశాడు. పల్లాడియం కాగితం మీద వేసిన ఆ ప్రింట్లలో చర్మం రంగు కాస్త గోధుమగా, వెచ్చగా ఉంటుంది. మామూలు వెండి కాగితం మీద ఆ వెచ్చదనం రాదు. ఆ కాగితాన్ని ఎంచుకోవడంలోనే కోరిక ఉందని నా అభిప్రాయం. ఏ దేహాన్నయినా సరే, నీడల్లో వివరం పోకుండా, వెలుగులో చర్మం తెల్లబడకుండా తీసుకురావడానికి రాత్రంతా కూర్చున్న మనిషి దాన్ని ప్రేమించకుండా ఆ పని చేయలేడు.

ఆకారం అనే మాట గురించి మాత్రం మరో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్‌ను తలచుకోక తప్పదు. ఆయన 1930లో ఒక బెంగుళూరు మిరపకాయను రేకు గరాటులో పెట్టి తీశాడు. ముప్పయ్యో నెంబరు మిరపకాయగా అది లోకప్రసిద్ధం. చూసినవారికి వంగిన వీపులూ, పెనవేసుకున్న దేహాలూ కనిపించాయి. ఆయన మాత్రం అందులో కామాన్ని చూడటాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు, మిరపకాయ మిరపకాయేనన్నాడు. నేను ఆయన నిజాయితీని శంకించను. అయినా మనిషి దేహాన్ని మిరపకాయలా, మిరపకాయను మనిషి దేహంలా తీయగల కన్ను ఒకటే కన్ను. ఆ కంటికి తల అడ్డం వస్తుంది, ఎందుకంటే మిరపకాయకు తల లేదు.

ప్రశ్నార్థకం (ఉదయం 11:05)

చీకటిగది గారి చివరి వాక్యమే నా అభ్యంతరం కూడా. ఆకారం అనే మాట పాఠ్యపుస్తకాల్లో చాలా గౌరవంగా కనిపిస్తుంది, కానీ అది ఎవరికి రక్షణగా నిలుస్తోందో చూడాలి. తీసినవాడికి నిలుస్తోంది. తీయించుకున్న మనిషికి ఏం జరిగిందో ఓకీఫ్ ఉదంతమే చెబుతుంది.

1921 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఆండర్సన్ గ్యాలరీస్‌లో స్టీగ్లిట్జ్ 145 ప్రింట్లు ప్రదర్శించాడు. అందులో దాదాపు మూడోవంతు ఓకీఫ్‌వి, వాటిలో నగ్నచిత్రాలు కూడా ఉన్నాయి. చిత్రాల కింద ఆమె పేరు వేయలేదు, కానీ ఆమె ఎవరో ఊరందరికీ తెలిసింది. అప్పటికి ఆయనకు వేరే భార్య ఉంది. ఓకీఫ్‌తో పెళ్లి జరిగింది 1924లో. అంటే ఆమె చిత్రకారిణిగా పెద్ద ప్రదర్శన చేయకముందే ఆమె దేహం ప్రదర్శనకు వచ్చింది. రెండేళ్ల తర్వాత, 1923లో, అదే గ్యాలరీలో ఆమె వేసిన చిత్రాలు వంద వేలాడదీసినప్పుడు విమర్శకులు ఆ రంగుల్లోనూ గీతల్లోనూ స్త్రీ దేహాన్నే వెదికారు. తర్వాత ఆమె వేసిన పూలను కూడా అలాగే చదివారు. తన పువ్వు మీద చూసేవారు తమ ఊహలన్నీ వేలాడదీసి, అవి తన ఊహలైనట్టు రాస్తున్నారని ఆమె 1939లో సూటిగా చెప్పవలసి వచ్చింది.

స్టీగ్లిట్జ్ ప్రేమించలేదని నేను అనడం లేదు. వారిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు ఇరవై అయిదు వేల పేజీలు. ప్రేమ ఉన్నచోట కూడా ఒకరి కోరిక మరొకరి పేరు మీద ముద్రగా పడిపోవచ్చు. నా దృష్టిలో ప్రశ్న తల ఉందా లేదా అన్నది కాదు. ప్రింటు గోడ మీదికి ఎక్కే రోజున ఆ నిర్ణయంలో ఆమె ఎక్కడ ఉంది?

రైనియర్_దారి (శనివారం రాత్రి 10:20)

నేను సియాటిల్‌లో ఉంటున్నాను. మబ్బు లేని రోజున మా వీధి చివర నుంచి మౌంట్ రైనియర్ కనిపిస్తుంది. ఆ కొండ గురించే ఒక ఉదంతం చెప్పాలని ఉంది, ఎందుకంటే ఇప్పటిదాకా మాట్లాడినదంతా పురుషుడు చూసే చూపు గురించే.

ఫోటోగ్రాఫర్ ఇమోజెన్ కన్నింగ్‌హామ్ ఈ ఊళ్లో స్టూడియో నడిపేది. 1915లో, పెళ్లయిన కొత్తలో, చిత్రకారుడైన తన భర్త రాయ్ పార్‌ట్రిడ్జ్‌ను ఆ కొండ మీది మంచు మధ్య, నీటి ఒడ్డున నగ్నంగా నిలబెట్టి తీసింది. ఒక స్త్రీ పురుషుడి దేహాన్ని బాహాటంగా, ఇష్టంగా చూడటం ఆ కాలంలో ఊహకందని విషయం. ఆ చిత్రాలు స్థానిక పత్రికలో వచ్చాక ఊరు మండిపడింది. ఆమె ఆ నెగటివ్‌లను దశాబ్దాల పాటు పక్కన పెట్టేసింది. తర్వాత ఆమె మాగ్నోలియా పువ్వును తీసింది, 1925 నాటి ఆ చిత్రం ఎంత ప్రసిద్ధమో ఈ వేదికలో చెప్పనక్కర్లేదు. 1928లో ఒక స్త్రీ దేహాన్ని త్రికోణాల కూర్పుగా తీసింది, అందులోనూ ముఖం లేదు.

కాబట్టి ముఖం లేని చోటల్లా పురుషాహంకారం ఉందనడానికి వీల్లేదు. నన్ను బాధించేది వేరే ఉంది. పురుషుడు తీసిన స్త్రీ దేహానికి మ్యూజియం గోడ దొరికింది, స్త్రీ తీసిన పురుష దేహానికి బీరువా అర దొరికింది. కళలో కోరిక ఎవరిదని అడిగేటప్పుడు, కోరికను పైకి చెప్పే హక్కు ఎవరికి ఉండేదన్నది కూడా అడగాలి.

గాజునెగటివ్ (ఆదివారం ఉదయం 7:10)

అందరి సందేశాలనూ నా భార్యకు చదివి వినిపించాను. మిరపకాయ మాట దగ్గర ఆమె నవ్వింది. ఓకీఫ్ చెవి దురద సంగతి మళ్లీ చదవమంది.

బొగ్గుగీత (ఆదివారం మధ్యాహ్నం 1:40)

ఈ చర్చలో ఎదుట నిలబడినవారి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కనుక రాస్తున్నాను. చదువుకునే రోజుల్లో, ఫీజు కోసం, ఒక కళాశాలలో రెండేళ్లపాటు విద్యార్థులకు మోడల్‌గా కూర్చున్నాను. బొమ్మలు వేసే తరగతిలో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. అక్కడ పదిహేను మంది నన్ను చూస్తూ గీస్తారు, ఎవరి కాగితం మీదా ఉన్నది సరిగ్గా నేను కాదు. విరామంలో లేచి వెళ్లి చూసేదాన్ని. ఒకరి బొగ్గుగీతలో నా భుజం మా అమ్మ భుజంలా కనిపించేది. నేను బొమ్మలు వేయడం మొదలుపెట్టింది ఆ విరామాల్లోనే.

ఫోటోగ్రఫీ విభాగం వారు పిలిచినప్పుడు పరిస్థితి వేరు. మూడు రోజులు తీశారు. మర్యాదలో లోపమేమీ లేదు, గది వెచ్చగా ఉంది, తోడుగా ఒక మహిళా అధ్యాపకురాలు ఉన్నారు. కానీ ఆ చిత్రాల్లో ఒక్కటి కూడా నాకు చూపలేదు. సంతకం చేయించుకున్న కాగితం కాపీ ఇవ్వలేదు. ఏడాది తర్వాత వార్షిక ప్రదర్శనలో నా వీపు మూడడుగుల ప్రింటుగా వేలాడుతుంటే చూశాను. తల లేదు కనుక ఎవరూ గుర్తుపట్టలేదు, అది మేలే. అయినా నా ఎడమ భుజం కింద ఉన్న మచ్చను చెరిపేశారు. పుట్టినప్పటి నుంచి ఉన్న మచ్చ అది. ఆ రోజు నాకు కలిగిన బాధ నగ్నంగా కనిపించినందుకు కాదు, నా అనుమతి లేకుండా నన్ను సరిదిద్దినందుకు.

అందుకే వెస్టన్‌కు మోడల్‌గా నిలిచిన కారిస్ విల్సన్ అంటే నాకు ప్రాణం. వెస్టన్ 1936లో తీసిన ఆమె చిత్రం చాలామంది చూసే ఉంటారు: ఎండ పడే గుమ్మం ఎదుట నేల మీద కూర్చుని, మోకాలు ముడిచి, చేతులు చుట్టి, తల పూర్తిగా వంచేసి ఉంటుంది. ముఖం కనిపించదు. ఆ చిత్రం గురించి ఆమె తర్వాత ఏం చెప్పిందంటే, కుడిచేతి మీద పడ్డ నీడ వెస్టన్‌కు ఎప్పుడూ నచ్చలేదట, వంకరగా వచ్చిన పాపిడి, కనిపిస్తున్న తలపిన్నులు తనకు ఎప్పుడూ నచ్చలేదట. ఒకే చిత్రంలో తీసినవాడికి ఒక లోపం, తీయించుకున్నామెకు మరో లోపం. ఆ పాపిడి మాట విన్న తర్వాత నాకు ఆ చిత్రంలో ముఖం కనిపించడం మొదలైంది. ఆ తలపిన్నుల్ని ఎవరూ చెరపకపోవడం నాకెంత ఊరటో మాటల్లో చెప్పలేను.

చీకటిగది (ఆదివారం సాయంత్రం 4:00)

బొగ్గుగీత గారూ, మచ్చల్ని చెరిపే పని నేనూ చేశాను. సన్నటి బ్రష్షుతో, చుక్క చుక్కగా, పెళ్లికూతుళ్ల ఫోటోల మీద వందల సార్లు చేశాను. వారు అడిగితేనే చేశానా అని ఇప్పుడు గుర్తు చేసుకుంటుంటే చాలాసార్లు అడగకుండానే చేసినట్టు తెలుస్తోంది. మీ సందేశం చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

కారిస్ గురించి ఒక మాట కలుపుతాను. అదే 1936లో ఓషియానో ఇసుక తిన్నెల మీద వెస్టన్ తీసిన నగ్నచిత్రాల వరస ఉంది. అక్కడ ఆమె బట్టలు విడిచి ఇసుక వాలు మీద నుంచి తనంతట తానే దొర్లుకుంటూ దిగింది, ఆ ఆట ఆమెది. ఆ వేడి ఇసుక ఆనందం ఆమెది. వెస్టన్ కెమెరా ఆ ఆనందాన్ని అందుకోవడానికి పరుగెత్తింది. పరిచయమైనప్పుడు ఆమెకు సుమారు ఇరవై ఏళ్లు, ఆయనకు సుమారు నలభై ఎనిమిది. వయసుల తేడా చిన్నది కాదు, 1946లో విడాకులతో ఆ కథ ముగిసింది. ఆయన పేరు మీద అచ్చయిన వ్యాసాల్లో కొన్ని ఆమె రాసినవేనని తర్వాత బయటపడింది. అయినా ఆ ఇసుక చిత్రాల్లో దొర్లుతున్న దేహాన్ని కేవలం చూడబడిన వస్తువని అనడం ఆమెకు అన్యాయం చేయడమే అవుతుందని నా నమ్మకం.

ప్రశ్నార్థకం (ఆదివారం సాయంత్రం 6:25)

నేను కొంత మెత్తబడ్డాను. కానీ దొర్లాలనిపించి దొర్లే స్వేచ్ఛ అందరికీ సమానంగా ఉండదు. ఇక్కడ అమెరికన్ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ మేపుల్‌థార్ప్ విషయం రావాలి.

ఆయన 1980ల్లో నల్లజాతి పురుషుల దేహాలను తీసిన తీరు మీద చాలా వాదం జరిగింది. చర్మం మీద వెలుగు కంచు విగ్రహం మీద పడినట్టుంటుంది, కూర్పులో ఒక్క గీత అటూ ఇటూ ఉండదు. 1980 నాటి ఒక ప్రసిద్ధ చిత్రంలో పాలియెస్టర్ సూటు వేసుకున్న మనిషికి మెడ పైన ఏమీ లేదు, సూటులోంచి జననాంగం మాత్రం బయటికి ఉంది. నల్లజాతి పురుషుణ్ణి ఒక అవయవానికి కుదించిన చిత్రమని దాన్ని ఎందరో తప్పుపట్టారు. అయితే ఆ మోడల్ తన ముఖం, జననాంగం ఒకే చిత్రంలో కనిపించకూడదని ముందే షరతు పెట్టినట్టు ఫోటోగ్రాఫర్ జీవితచరిత్రలో నమోదైంది. నేను ఏళ్లుగా అవమానంగా చదివిన కోత ఆ మనిషి తనను కాపాడుకోవడానికి కోరుకున్న కోత. ఇది తెలిసిన తర్వాత నా అభ్యంతరం పూర్తిగా పోలేదు, కానీ అది ముందున్నంత సులభంగా కూడా లేదు.

కొబెనా మెర్సర్ అనే నల్లజాతి విమర్శకుడు 1986లో ఈ చిత్రాలను తీవ్రంగా విమర్శించాడు. మేపుల్‌థార్ప్ 1989లో ఎయిడ్స్‌తో మరణించాక అదే విమర్శను మళ్లీ తెరిచి, తానూ ఆ దేహాలను కోరికతోనే చూశానని, ఆ కోరికను దాచిపెట్టి ఫోటోగ్రాఫర్ కోరికను మాత్రమే తప్పుపట్టానని ఒప్పుకున్నాడు. తన మొదటి వాదాన్ని కొట్టేయలేదు, దాని పక్కన రెండో వాదాన్ని నిలబెట్టాడు. విమర్శలో అంత ధైర్యం నేను అరుదుగా చూశాను.

చిత్రకారుడు గ్లెన్ లైగన్ 1991 నుంచి 1993 వరకు ఇంకో మార్గంలో జవాబు చెప్పాడు. మేపుల్‌థార్ప్ పుస్తకంలోని 91 పేజీలను ఫ్రేములు కట్టి గోడకు వేలాడదీసి, వరసల మధ్య 78 చిన్న ఫ్రేముల్లో ఆ చిత్రాల గురించి రకరకాల మనుషులు అన్న మాటలు పెట్టాడు. అందులో పండితులున్నారు, రాజకీయ నాయకులున్నారు, బారులో కలిసినవారున్నారు. దేహం దగ్గరికి ఎవరు ఏ కోరికతో వస్తున్నారో చదవకుండా దేహాన్ని చూడటం అక్కడ సాధ్యం కాదు.

యమున_ఒడ్డు (ఆదివారం రాత్రి 9:15)

ఢిల్లీలో ముప్పై ఏళ్లుగా ఉన్న తెలుగువాణ్ణి. ముఖం దాచుకోవడం గురించి మాట్లాడుతున్నారు కనుక ఫోటోగ్రాఫర్ సునీల్ గుప్తా తీసిన వరసను గుర్తు చేస్తాను. ఢిల్లీలో పుట్టి విదేశాల్లో స్థిరపడ్డ ఆయన 1986, 87లలో లండన్‌లోని ఒక గ్యాలరీ కోసం ఇక్కడికి వచ్చి, పురుషుల్ని ప్రేమించే పురుషుల్ని ఇండియా గేటు దగ్గర, హుమాయూన్ సమాధి తోటలో తీశాడు. దాదాపు అందరూ బట్టలతోనే ఉంటారు. కొందరు మనకు వీపు చూపిస్తారు, కొందరి ముఖం ఫ్రేములోకి రాదు. చిత్రం కింద వారి మాటలు రెండు మూడు వాక్యాలుగా ఉంటాయి.

స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ అమల్లో ఉన్న దేశంలో ముఖం చూపడమంటే ఉద్యోగం, ఇల్లు, కుటుంబం పణంగా పెట్టడం. ఆ చట్టం నుంచి వయోజనుల పరస్పర సమ్మతి బయటపడింది 2018 సెప్టెంబరు 6న. ఆ తోటలో ఆ సాయంత్రాలు నాకు తెలుసు. రాతి గట్టు మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు మనుషుల భుజాల మధ్య జానెడు ఖాళీ ఉన్న చిత్రంలో ఉన్నంత కోరిక నేను ఏ నగ్నచిత్రంలోనూ చూడలేదు. దేహాన్ని చూపడం వేరు, కోరికను చూపడం వేరు అని నాకు నేర్పింది ఆ వరసే.

తెనాలి పాఠకుడు (సోమవారం ఉదయం 6:30)

మన దగ్గర రామప్ప గుడి మదనికలు ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. వాటి వైపు భక్తులు తల ఎత్తి చూస్తారు, ఎవరూ సిగ్గుపడరు. ఫోటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంత వివాదం ఎందుకు?

బొగ్గుగీత (సోమవారం ఉదయం 8:05)

పాఠకుడు గారూ, నల్లరాతి మదనికకు ఇంటి చిరునామా లేదు. ఆ రాతికి ఎదుట ఎవరైనా ఒక అమ్మాయి నిలబడి ఉంటే ఆమె పేరు కాలంలో కలిసిపోయింది. ఫోటో మాత్రం ఫలానా రోజు, ఫలానా గదిలో, ఫలానా మనిషి చర్మం మీద పడిన వెలుగే. ఆ మనిషి మరునాడు బస్సెక్కి కళాశాలకు వెళ్లాలి. అందుకే రాతికి లేని లెక్క ఫోటోకు ఉంది.

నల్లకోటు (సోమవారం ఉదయం 10:45)

న్యాయవాదిని. ఈ విషయంలో చట్టం ఎవరి వైపు నుంచి చూస్తుందో చెబితే చర్చకు ఉపయోగపడవచ్చు.

టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయనకు కాబోయే భార్య బార్బరా ఫెల్టస్ నగ్నంగా ఉన్న ఛాయాచిత్రాన్ని 1993లో కలకత్తా పత్రికలు తిరిగి ముద్రించాయి. తీసినది ఆమె తండ్రే. వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఆ జంట ఇచ్చిన సందేశమది. అశ్లీలమని కేసు పెడితే అది సుప్రీంకోర్టులో 2014 ఫిబ్రవరి 3న ముగిసింది. అతి బలహీనమైన మనసును చెడగొట్టే అవకాశం ఉందా అని చూసే పాత ఇంగ్లీషు కొలమానాన్ని కోర్టు పక్కన పెట్టి, సమకాలీన సమాజ ప్రమాణాలతో, సందర్భంతో కలిపి చూడాలని చెప్పింది. నగ్నత్వం దానంతటదే అశ్లీలం కాదు.

చిత్రకారుడు అక్బర్ పదంసీ ఉదంతం నాకు ఇంకా ముఖ్యం. 1954లో బొంబాయి జహంగీర్ గ్యాలరీలో ఆయన వేసిన ఒక జంట చిత్రం మీద పోలీసు కేసు పెట్టారు, కోర్టు ఆయన్ను విడుదల చేసింది. ఆయన వృద్ధాప్యంలో నలుపు తెలుపుల్లో నగ్న ఛాయాచిత్రాలు కూడా తీశాడు. ఆయన 2020లో పోయాక, విదేశం నుంచి తెప్పించిన ఆయన పనులను, మరో చిత్రకారుడు సూజా గీసిన చిత్రాలను 2023లో ముంబై కస్టమ్స్ వారు అశ్లీలమని పట్టుకున్నారు. 2024 అక్టోబరులో బాంబే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. డెబ్బై ఏళ్ల తేడాతో ఒకే కళాకారుడు రెండుసార్లు గెలిచాడు, రెండోసారి గెలుపు చూడటానికి ఆయన లేడు.

అశ్లీలత చట్టం మొత్తం చూసేవాడి కోరిక గురించే ఆలోచిస్తుంది. చిత్రం చూసి ఎవరు చెడిపోతారన్నదే దాని ప్రశ్న. చిత్రంలో ఉన్న మనిషి ఏమనుకుంటోందని అది ఒక్కసారి కూడా అడగదు. ఆ ప్రశ్న అడిగేది 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన వేరే సెక్షన్. తీయడానికి ఒప్పుకున్న స్త్రీ ఇతరులకు చూపడానికి ఒప్పుకోకపోతే, చూపడం నేరమని అందులో స్పష్టంగా ఉంది. కొత్త న్యాయ సంహితలోనూ అది కొనసాగింది. తీయడం ఒక సమ్మతి, చూపడం మరో సమ్మతి. బొగ్గుగీత గారి ఫిర్యాదు సరిగ్గా ఈ గీత మీదే నిలబడి ఉంది. వృత్తిలో ఉన్నవారు మోడల్‌తో రాసుకునే కాగితంలో ఈ రెండింటికీ రెండు సంతకాలు ఉంచాలనీ, కాపీ ఒకటి తప్పక ఇవ్వాలనీ నా సలహా.

చీకటిగది (సోమవారం మధ్యాహ్నం 3:20)

నాకు డెబ్బై ఒకటి. ఈ చర్చలో ప్రస్తావించిన దేహాలు చాలావరకు యవ్వనంలో ఉన్నవే కనుక ఇంకొక పేరు చెప్పకుండా ఉండలేను.

జాన్ కోప్లన్స్ చాలాకాలం కళావిమర్శ రాశాడు, పత్రిక నడిపాడు, మ్యూజియంలలో పనిచేశాడు. అరవై దాటాక, 1984లో, తన నగ్న దేహాన్నే తీయడం మొదలుపెట్టి 2003లో పోయేదాకా దాదాపు ఇరవై ఏళ్లు అదే పని చేశాడు. వీపు మీది వెంట్రుకలు, వేలాడే పొట్ట, మడమల పగుళ్లు, ముడతలు పడ్డ వేళ్లు మనిషి ఎత్తుకు మించిన ప్రింట్లుగా వేశాడు. తల ఎక్కడా లేదు. ఆయన తన తల తానే తీసేశాడు. ముఖం ఉంటే ఆ దేహం ఒక్క కోప్లన్స్‌దే అవుతుంది, లేకపోతే ముసలితనం వచ్చే ప్రతి మనిషిదీ అవుతుందన్న ఆలోచన అందులో నాకు కనిపిస్తుంది.

మొదటిసారి ఆ చిత్రాలు చూసినప్పుడు నాకు వికారం కలిగింది, అప్పుడు నా వయసు నలభై. ఇప్పుడు స్నానం చేసేటప్పుడు నా మోకాళ్లు చూసుకుంటే ఆయన గుర్తొస్తాడు. కోరిక అంటే మరొకరి దేహం మీదే ఉండాలని లేదు. ఈ దేహం ఇంకా నాదే అని దాని దగ్గరికి వెళ్లి, నీడలు సరిచూసి, జాగ్రత్తగా వెలుగు పెట్టడం కూడా కోరికేనని నేను అనుకుంటున్నాను.

రైనియర్_దారి (సోమవారం రాత్రి 11:50)

ప్రశ్నార్థకం గారు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఓకీఫ్ తర్వాతి జీవితంలో ఉంది. స్టీగ్లిట్జ్ 1946లో చనిపోయాడు. ఆయన మిగిల్చిన ప్రింట్లన్నిటినీ ముందు వేసుకుని ఆమె మూడేళ్లు కూర్చుంది. ప్రతి చిత్రానికీ మేలైన ప్రింటు ఏదో ఎంచి, 1949లో వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి ఇచ్చింది. ఆయన తనను తీసిన చిత్రాల్లో చాలావాటిని మాత్రం తన దగ్గరే ఉంచుకుని 1980లో ఇచ్చింది. రెండు విడతలూ కలిపి 1,642. ఆమె నగ్నచిత్రాలూ వాటిలో ఉన్నాయి. ఒకప్పుడు పేరు లేకుండా గోడకెక్కిన దేహానికి ఆమే సంరక్షకురాలైంది.

1978లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆ చిత్రాలను ప్రదర్శించినప్పుడు తొంభై ఏళ్లు దాటిన ఆమె ముందుమాట రాసింది. ఆ చిత్రాలు చూస్తుంటే ఆ మనిషి ఎవరో అని ఆశ్చర్యం కలుగుతోందని అందులో ఉంది. అలా ఆశ్చర్యపోగలిగినంత దూరం రావడానికి ఆమెకు అరవై ఏళ్లు పట్టింది. 1921 నాటి నిర్ణయంలో ఆమె ఎంత ఉందో మనం బయటి నుంచి తేల్చలేం. తర్వాతి నిర్ణయాలన్నిట్లో మాత్రం ఆమె ఉంది.

గాజునెగటివ్ (మంగళవారం ఉదయం 9:00)

నిన్న రాత్రి ఇదంతా చదివిన తర్వాత మూడు రోల్స్ నెగటివ్‌లూ, కాంటాక్ట్ షీట్లూ, స్కాన్ చేసిన ఫైళ్లున్న డ్రైవూ ఒక పెట్టెలో పెట్టి నా భార్యకు ఇచ్చాను. కింది సందేశం ఆమె చెబితే నేను టైపు చేసింది కాదు. ఆమే కూర్చుని రాసింది.

గాజునెగటివ్ (మంగళవారం ఉదయం 9:40)

అందరికీ నమస్కారం. ఖాతా మా వారిది, మాటలు నావి.

తల లేదేమిటని నేను అడిగింది ఫిర్యాదుగా కాదు. ఆ మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తున్నాయి. వెనక గదిలో సిమెంటు నేల చల్లగా ఉండేది. కిటికీకి పాత దుప్పటి కట్టేవారు. ఆయన ముఖానికి కెమెరా అడ్డం ఉండేది కనుక నేను ఆయన చేతుల్నే చూస్తూ ఉండేదాన్ని. లెన్సు తిప్పేటప్పుడు ఆయన వేళ్లు వణికేవి. నన్ను చూసి ఒక మనిషి వేళ్లు వణకడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టం నా ముఖం మీద ఉండే ఉంటుంది. ఆయన ముఖం తీయలేదు కనుక అది ఎక్కడా మిగల్లేదు. నేను వెదికింది దాని కోసం.

బొగ్గుగీత గారూ, నా పొట్ట మీద అపెండిక్స్ ఆపరేషన్ గీత ఉంది, ఆయన దాన్ని చెరపలేదు. మీ సందేశం చదివాక షీట్లన్నీ భూతద్దంతో చూశాను, అన్నిట్లోనూ ఉంది.

మూడో రోల్‌లో చివరి ఫ్రేము పక్కకు జారి తీసినట్టుంది. అందులో నా గడ్డం, కింది పెదవి వచ్చాయి. ఆయన దాని మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టి ఉంచారు. దాన్నీ, వీపు చిత్రం ఒకదాన్నీ ప్రింటు చేసి ఇమ్మన్నాను, ఎనిమిది బై పది కాగితం చాలు. చీకటిగది గారి దగ్గర ఇంకా ఎన్లార్జర్ పనిచేస్తుంటే మేమిద్దరం వస్తాం. పెట్టె నా బీరువాలో ఉంది.